రామానుజన్ సంఖ్యాన్వేషణ

లెక్కించడం అందరికీ వచ్చు. లెక్కకు వచ్చిన సంఖ్యను ఒక్క క్షణం నిలిపి, దాని స్వభావమేమిటని ప్రశ్నించేవారు మాత్రం అరుదు. ధాన్యం కొలిచే రైతుకు, జమాఖర్చులు వ్రాసే గుమాస్తాకు సంఖ్య ఒక పరిమాణం మాత్రమే. గణితవేత్త దృష్టిలో ప్రతి సంఖ్యకూ ఒక నిర్మాణముంటుంది, ఒక గుణముంటుంది, తనవంటి సంఖ్యలతో కూడిన ఒక వర్గముంటుంది. ఇటువంటి చింతన మన భాషకు కొత్త కాదు. మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథాన్ని పావులూరి మల్లన ప్రాచీనకాలంలోనే తెలుగు పద్యాలలోనికి తెచ్చాడు. అయితే సంఖ్యల గుణాలను అన్వేషించడమే జీవితంగా బ్రతికి, ముప్పైరెండేళ్ళకే తనువు చాలించిన భారతీయుడు శ్రీనివాస రామానుజన్.

ఆయన 1887 డిసెంబరు 22న తమిళదేశంలోని ఈరోడ్‌లో, మాతామహుల ఇంట జన్మించాడు. పెరిగినది కుంభకోణంలో. తండ్రి శ్రీనివాస అయ్యంగార్ ఒక బట్టల దుకాణంలో గుమాస్తా. తల్లి కోమలతమ్మాళ్ దేవాలయంలో భజనలు పాడేది. ఇంటిలో పేదరికం ఉన్నా ఆచారానికి, దైవభక్తికి లోటు లేదు. నామక్కల్‌లో వెలసిన నామగిరి అమ్మవారు వారి ఇలవేల్పు. కుంభకోణం టౌన్ హైస్కూలులో చదువుతున్న రోజులలో, సుమారు పదహారవ యేట, జి.ఎస్. కార్ అనే ఆంగ్లేయుడు కూర్చిన గణిత సంగ్రహం ఒకటి రామానుజన్ చేతికి వచ్చింది. పరీక్షలకు సిద్ధమయ్యే విద్యార్థులకోసం వేలాది ఫలితాలను వరుసగా పేర్చిన పుస్తకమది. నిరూపణలు దాదాపు లేవు. నిరూపణలు లేకపోవడమే ఆ బాలునికి వరమైంది. ఒక్కొక్క ఫలితాన్నీ తానే సాధించుకొంటూ, ఆ దారిలో పుస్తకంలో లేని కొత్త ఫలితాలను కనుగొనసాగాడు. కాగితం కొనే స్తోమత లేనందున పలకమీద లెక్క చేసి, మోచేతితో తుడిచి, చివరకు తేలినదానిని మాత్రం నోటుపుస్తకంలోకి ఎక్కించేవాడు. నడుమ నడిచిన దారి అంతా పలకతోపాటు తుడిచిపెట్టుకొని పోయేది.

1904లో గణితంలో బహుమతితో హైస్కూలు చదువు ముగించి, ఉపకారవేతనంతో కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో ఎఫ్.ఏ. తరగతిలో చేరాడు. ఎఫ్.ఏ. అంటే నేటి ఇంటర్మీడియట్ వంటిదే. గణితం తప్ప మరేదీ చదవకపోవడం వలన మిగిలిన విషయాలలో తప్పి ఉపకారవేతనాన్ని పోగొట్టుకొన్నాడు. 1905 ఆగస్టులో ఇంట ఎవరికీ చెప్పకుండా విశాఖపట్నం దిక్కుగా వెళ్ళిపోయాడు. తిరిగివచ్చిన తరువాత మద్రాసులోని పచ్చయ్యప్ప కళాశాలలో చేరాడు. 1906లో ఎఫ్.ఏ. పరీక్ష తప్పాడు, 1907లో మళ్ళీ వ్రాసి మళ్ళీ తప్పాడు. శరీరధర్మశాస్త్రం ఆయనకు ఏనాడూ కొరుకుడు పడలేదు. నిబంధనల ప్రకారం ఆ పరీక్షాధికారులు చేసినది తప్పని చెప్పలేము. అన్ని విషయాలలోనూ నిర్ణీతమైన మార్కులు రావాలన్నది నియమం; ఆయనకు రాలేదు. నాటి పట్టికలలో రామానుజన్ స్థానం అనుత్తీర్ణుల వరుసలోనే.

1909లో పదేళ్ళ జానకితో వివాహం జరిగింది. సంసారభారం మీదపడడంతో ఉద్యోగం వెతుక్కోవలసి వచ్చింది. నోటుపుస్తకాలు చంకన పెట్టుకొని తన లెక్కలు అర్థమయ్యేవారి ఇళ్ళచుట్టూ తిరిగాడు. భారత గణిత సంఘాన్ని స్థాపించిన వి. రామస్వామి అయ్యర్ అప్పుడు తిరుక్కోవిలూరులో డిప్యూటీ కలెక్టరు. ఆయన ఆ పుస్తకాల విలువ గుర్తించాడు. అట్లా ఒకరి సిఫారసుతో మరొకరిని దర్శిస్తూ, 1910 చివరలో నెల్లూరు చేరాడు. ఆనాటి నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావు గణితాభిమాని. ఆయన మొదట ఈ బక్కపలుచని యువకుని సందేహంతోనే చూశాడట. రామానుజన్ సులభమైన ఫలితాలనుండి క్లిష్టమైన వాటికి మెట్టుమెట్టుగా తీసుకొనిపోగా సందేహం తీరి, కొంతకాలం నెలకు ఇరవై ఐదు రూపాయల చొప్పున తన సొంత ధనం పంపించాడు. తెలుగు నేలమీద రామానుజన్‌కు లభించిన ఈ ఆదరం చిన్నదేమీ కాదు. ఆ ధనంతో దొరికిన తీరిక వలననే 1911లో ఆయన తొలి పరిశోధన వ్యాసం భారత గణిత సంఘ పత్రికలో వెలువడింది.

ఊరకే కూర్చుండి ఒకరి సొమ్ము తినడం ఆయనకు ఇష్టం లేకపోయింది. 1912 మార్చి 1న మద్రాసు పోర్టు ట్రస్టులో ముప్పై రూపాయల జీతంమీద గుమాస్తాగా చేరాడు. అక్కడి మిత్రుల ప్రోత్సాహంతో ఇంగ్లండులోని గణితాచార్యులకు ఉత్తరాలు వ్రాశాడు. ఇద్దరి వలన ఫలితం లేకపోయింది. 1913 జనవరి 16న కేంబ్రిడ్జిలోని జి.హెచ్. హార్డీకి వ్రాసిన ఉత్తరం మాత్రం ఆయన జీవితాన్ని మార్చివేసింది. హార్డీ ఆ ఉత్తరాన్ని తన సహచరుడు లిటిల్‌వుడ్‌తో కలిసి పరిశీలించి, ఇది మోసగాని పని కాదని, మహామేధావి పని అని తేల్చుకొన్నాడు. సముద్రయానానికి కుటుంబాచారం అడ్డు వచ్చింది. ఆ అడ్డంకులు తొలగి 1914 మార్చి 17న మద్రాసులో ఓడ ఎక్కే ముందు రామానుజన్ పిలక తీయించుకొన్నాడు. జానకి అత్తవారింటనే ఉండిపోయింది.

ఆయన కేంబ్రిడ్జి చేరిన కొద్ది నెలలకే మొదటి ప్రపంచయుద్ధం మొదలైంది. శాకాహారి కనుక తన గదిలో తానే వండుకొని తినేవాడు. యుద్ధం ముదిరినకొద్దీ కూరగాయలు దొరకడం కష్టమైంది. ఆ చలిలో, ఆ ఏకాంతంలో ఆయన మనస్సును పట్టుకొన్న సమస్యలలో ఒకటి, చూడడానికి చిన్నపిల్లల లెక్కలా కనిపించేది: ఒక సంఖ్యను నిశ్శేషంగా భాగించే సంఖ్యలెన్ని?

అటువంటి సంఖ్యలను భాజకాలంటారు. 1 మినహా, తాను, ఒకటి తప్ప వేరే భాజకాలు లేనిది ప్రధాన సంఖ్య. అవి ఉన్నది సంయుక్త సంఖ్య. ప్రాచీనకాలం నుండి గణితవేత్తలందరూ ప్రధాన సంఖ్యల వెంటనే పడ్డారు. వాటి ఒంటరితనంలో ఒక ఆకర్షణ ఉంది. రామానుజన్ దృష్టి అందుకు సరిగ్గా ఎదుటి కొసన ఉన్న సంఖ్యలమీద పడింది. తనకంటె చిన్నవైన సంఖ్యలలో దేనికీ లేనన్ని భాజకాలు కలిగిన సంఖ్యలను ఆయన ఒక ప్రత్యేక వర్గంగా గుర్తించాడు. వాటిని మనం మహాసంయుక్త సంఖ్యలు అనుకొందాం. 2, 4, 6, 12, 24, 36, 48, 60, 120 ఇట్లా సాగుతుంది వాటి వరుస. 12కు ఆరు భాజకాలు. అంతకంటె చిన్న సంఖ్యలలో దేనికీ ఆరు లేవు. 60కి పన్నెండు. 60 దాటిన తరువాత 120 వచ్చేవరకు ఏ సంఖ్యా పన్నెండును మించలేదు. నిండుగా కనిపించే నూరుకు సైతం తొమ్మిదే.

ఈ సంఖ్యలతో మనకు పరిచయం లేకపోలేదు. మన పంచాంగంలో రోజుకు 60 ఘడియలు, ఘడియకు 60 విఘడియలు. రోజుకు గంటలు 24, వృత్తానికి భాగాలు 360. పంపకానికి వీలైన సంఖ్యలను మానవుడు శాస్త్రం తెలియకముందే ఏరుకొన్నాడు. గ్రీకు తత్త్వవేత్త ప్లేటో తన ఆదర్శనగరంలో గృహస్థుల సంఖ్య 5040గా ఉండాలన్నాడు. 5040కి తనతో కలిపి 60 భాజకాలు ఉన్నాయి. ఒకటి మొదలు పది వరకు ప్రతి అంకెతోనూ భాగించవచ్చు. అదికూడా మహాసంయుక్త సంఖ్యయే. ప్లేటోకు తెలిసినది ఒక సంఖ్య. రామానుజన్ వెతికినది ఆ సంఖ్యలన్నిటికీ వర్తించే నియమం.

ఆ నియమంలో కొంత భాగం మనకూ సులభంగానే అందుతుంది. ఏ సంఖ్యనైనా ప్రధాన సంఖ్యల లబ్ధంగా వ్రాయవచ్చు. 12 అంటే రెండు రెళ్ళు, ఒక మూడు గుణించగా వచ్చినది. ఒక్కొక్క ప్రధాన సంఖ్య ఎన్నిసార్లు వచ్చిందో దానికి ఒకటి కలిపి, ఆ ఫలితాలను గుణిస్తే భాజకాల సంఖ్య వస్తుంది. ఇక్కడ మూడును రెండుతో గుణించగా ఆరు. ఇప్పుడు 84ను చూద్దాం. అందులో రెండు రెళ్ళు, ఒక మూడు, ఒక ఏడు ఉన్నాయి, భాజకాలు పన్నెండు. ఏడు స్థానంలో అయిదును ఉంచితే 60 వస్తుంది. భాజకాలు అవే పన్నెండు, సంఖ్య మాత్రం చిన్నది. కనుక 84కు ఈ వర్గంలో చోటు లేదు. అంటే మహాసంయుక్త సంఖ్యలో ప్రధాన సంఖ్యలు 2, 3, 5, 7 అనే వరుసలోనే రావాలి, నడుమ ఒకదానిని దాటిపోరాదు. అట్లే చిన్న ప్రధాన సంఖ్య కనిపించే సార్లు పెద్దదానికంటె తక్కువ కారాదు. 18లో రెండు ఒకసారి, మూడు రెండుసార్లు వచ్చాయి. వాటిని తారుమారు చేస్తే 12 వస్తుంది, భాజకాలు రెండింటికీ ఆరే. ఇంతవరకు కాగితం, పెన్సిలు ఉన్న ఏ విద్యార్థి అయినా రాగలడు. చిట్టచివరి ప్రధాన సంఖ్య 4, 36 అనే రెండింట తప్ప ఎల్లప్పుడూ ఒక్కసారే వస్తుందని, ఈ వరుసలో ముందుకు పోయేకొద్దీ ఒక సంఖ్యకు, దాని తరువాతి సంఖ్యకు నిష్పత్తి ఒకటికి చేరువవుతుందని నిరూపించడానికి మాత్రం రామానుజన్ కావలసి వచ్చాడు.

వాటిలోనూ ఆయన మరొక మెట్టు ఏర్పరిచాడు. పరిమాణంతో తూచి చూసినప్పుడు సైతం భాజకసంపదలో తక్కిన సంఖ్యలన్నిటినీ మించేవాటిని ఉత్తమ శ్రేణిగా వేరుచేశాడు. 60, 5040 ఆ శ్రేణిలోనివి. 24, 48 కావు.

ఈ పరిశోధనలో భాగంగా ఆయన తన చేతితో ఒక పట్టిక తయారుచేశాడు. సుమారు నూరు మహాసంయుక్త సంఖ్యలు, వాటి భాజకాల లెక్క, ప్రధాన సంఖ్యల విభజన అందులో ఉన్నాయి. పట్టికలో చిట్టచివరిది 6746328388800. మన లెక్కలో ఆరు లక్షల డెబ్బై నాలుగు వేల ఆరు వందల ముప్పై రెండు కోట్ల ఎనభై మూడు లక్షల ఎనభై ఎనిమిది వేల ఎనిమిది వందలు. ఈ సంఖ్యలో ఆరు రెళ్ళు, నాలుగు మూళ్ళు, రెండు అయిదులు, రెండు ఏడులు, ఆ తరువాత 11, 13, 17, 19, 23 ఒక్కొక్కటి ఉన్నాయి. ఏడును అయిదుతో, దానిని మూడుతో, మళ్ళీ మూడుతో, ఆపైన అయిదుసార్లు రెండుతో గుణిస్తే దీనికి భాజకాలు పదివేల ఎనభై అని తేలుతుంది. ఇంతకంటె చిన్నదైన ఏ సంఖ్యకూ ఇన్ని భాజకాలు లేవు. గణనయంత్రాలు లేని కాలంలో, ఒంటరి గదిలో చేసిన లెక్క ఇది.

ఈ వ్యాసం 1915లో లండన్ మేథమెటికల్ సొసైటీ పత్రికలో అరవైకి పైగా పుటలలో వెలువడింది. నిజానికి ఆయన వ్రాసినది అంతకంటె పెద్దది. ఆ సంఘం అప్పుడు ఆర్థికంగా ఇబ్బందిలో ఉన్నందున వ్యాసంలో చివరి భాగం అచ్చుకు నోచుకోలేదు. ప్రధానంగా ఈ వ్యాసాన్ని ఆధారం చేసుకొని 1916 మార్చిలో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం పరిశోధన ద్వారా ఆయనకు బి.ఏ. పట్టం ఇచ్చింది. ఎఫ్.ఏ. తప్పినవాడు కేంబ్రిడ్జి పట్టభద్రుడయ్యాడు.

అరుదైన సంఖ్యలను పరిశీలించినవాడు సామాన్యమైన సంఖ్యలను వదలలేదు. 1917లో హార్డీతో కలిసి, ఒక పెద్ద సంఖ్యలో సాధారణంగా ఎన్ని వేరువేరు ప్రధాన సంఖ్యలు ఉంటాయన్న ప్రశ్నకు సమాధానం కనుగొన్నాడు. పైన చెప్పిన పట్టికలోని చివరి సంఖ్యంత పరిమాణం గల సంఖ్యలను తీసుకొంటే, వాటిలో ఉండేవి మామూలుగా మూడో నాలుగో. ఆ చివరి సంఖ్యలో తొమ్మిది ఉన్నాయి. అది ఎంతటి అపురూపమో ఈ రెండవ పరిశోధన వలన తెలుస్తుంది. మరుసటి ఏడు వారిరువురూ సంఖ్యావిభజనను గూర్చి వ్రాశారు. నాలుగును 4, 3+1, 2+2, 2+1+1, 1+1+1+1 అని అయిదు విధాలుగా విభజించవచ్చు. ఇదేవిధంగా 200ను విభజించే మార్గాలు 3972999029388. మాక్‌మహాన్ అనే గణితవేత్త ఈ సంఖ్యను ఎంతో ఓపికతో లెక్కించి తేల్చగా, రామానుజన్, హార్డీల సూత్రం సరిగ్గా అక్కడికే చేరింది.

1917 నుండి ఆరోగ్యం చెడింది. ఆసుపత్రులు, ఆరోగ్యనిలయాలు ఆయన నివాసాలయ్యాయి. 1918లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది. అదే సంవత్సరం ట్రినిటీ కళాశాల ఫెలోగా ఎన్నికైన తొలి భారతీయుడయ్యాడు. గౌరవాలు వచ్చేనాటికి శరీరం శిథిలమైంది.

లండన్ సమీపాన పుట్నీలో రోగశయ్యమీద ఉన్నప్పటి ఉదంతం జగద్విదితం. చూడవచ్చిన హార్డీ తానెక్కిన బాడుగ కారు సంఖ్య 1729 అని, అది నిస్సారమైన సంఖ్యలా తోచిందని అన్నాడు. రామానుజన్ వెంటనే అడ్డుచెప్పాడు. రెండు ఘనాల మొత్తంగా రెండు విధాల వ్రాయగలిగిన సంఖ్యలలో అదే మిక్కిలి చిన్నదని వివరించాడు. ఒకటి ఘనానికి పన్నెండు ఘనం కలిపినా, తొమ్మిది ఘనానికి పది ఘనం కలిపినా 1729 వస్తుంది. నాలుగవ ఘాతాలలో ఇటువంటి సంఖ్య ఏదని హార్డీ అడుగగా, క్షణకాలం ఆలోచించి, అది చాలా పెద్దదై ఉండాలన్నాడు. అంతకుముందే ఆయిలర్ కనుగొన్న ఆ సంఖ్య 635318657. ఈ ఉదంతాన్ని ఒక చమత్కారంగా చెప్పి వదిలివేయడం మనకు అలవాటు. రామానుజన్ సొంత కొలమానంతో చూస్తే 1729కి ఉన్న భాజకాలు ఎనిమిదే. దానికి ఎంతో దూరంలో లేని 1680కి నలభై ఉన్నాయి. మహాసంయుక్త సంఖ్యల పట్టికను తయారుచేసినవానికి 1729 అందులో ఎక్కడా నిలువదని తెలియనిది కాదు. ఆయన దానిని మరొక ప్రశ్నతో పలకరించాడు. ఆ ప్రశ్నకు అది మొదటి స్థానంలో నిలిచింది.

1919 మార్చిలో స్వదేశానికి తిరిగివచ్చాడు. నాటి వైద్యులు క్షయ అని భావించి చికిత్స చేశారు. ఆ లక్షణాలను చాలాకాలం తరువాత పరిశీలించిన వైద్యులు అది కాలేయానికి సోకిన అమీబియాసిస్ కావచ్చునన్నారు. చివరి సంవత్సరంలో జానకి దగ్గర ఉండి సేవ చేసింది. మంచంమీద పడుకొనే కాగితాలమీద లెక్కలు వ్రాస్తూ పోయాడు. 1920 ఏప్రిల్ 26న మద్రాసులోని చెట్‌పట్‌లో కన్నుమూశాడు. ఆ కాగితాలు ఎవరెవరి చేతులో మారి, ట్రినిటీ కళాశాల గ్రంథాలయంలో మరుగుపడి, 1976లో జార్జి ఆండ్రూస్ కంటబడ్డాయి. జానకి 1994 వరకు జీవించింది.

1915లో అచ్చు కాకుండా ఆగిపోయిన భాగం 1988లో వెలుగు చూసింది. 1997లో నికొలా, రోబాన్ అనే ఫ్రెంచి గణితవేత్తలు దానిని వ్యాఖ్యానంతో ప్రకటించారు. ఆయన పట్టికను తరువాతి గణితవేత్తలు మొదటినుండి చివరివరకు సరిచూశారు. అంత పెద్ద పట్టికలో ఒక్క సంఖ్య తప్పిపోయింది. అది 293318625600. దాని భాజకాలు 5040. అంటే ప్లేటో ఎన్నుకొన్న సంఖ్యే. పట్టికలోని చివరి సంఖ్యను 23తో భాగిస్తే వచ్చేది ఇదే. ఇప్పటి పట్టికలలో 321253732800కు ముందున్న చోట ఆ సంఖ్యను చూడవచ్చు.